ఊపిరి ముందా, గుండె ముందా?

1889 చలికాలంలో లండన్ నుంచి పేరున్న డాక్టరు ఒకాయన హైదరాబాద్ వచ్చాడు. థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లోనే చూపించినవాడు. ఆయన్ని పంపింది లాన్సెట్ పత్రిక. ఖర్చులకు వెయ్యి పౌన్లు ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం. తేల్చవలసిన సంగతి ఒక్కటే. క్లోరోఫారం పీల్చిన రోగి ఆపరేషన్ బల్ల మీద ప్రాణం వదిలితే, అందులో ముందు ఆగేది ఊపిరా లేక గుండె కొట్టుకోవడమా?

నేను ఈ ఊళ్ళోనే డాక్టరీ చదివి, ఈ ఊళ్ళోనే మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇప్పుడు అదే తరహా ప్రశ్న ఇంకో అవయవం గురించి నడుస్తోంది. మేం రోజూ వాడే ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్ వంటి పీల్చే మత్తుమందులు పక్షవాతం దెబ్బ నుంచి మెదడును కాపాడతాయని ప్రయోగశాలల నుంచి వార్తలు వస్తున్నాయి. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఫోన్ చేసి, "నిజమేనా మేడమ్? మన గ్యాసులకు అంత శక్తి ఉందా?" అని ఉత్సాహంగా అడుగుతుంటారు. వాళ్ళకు నేను ముందు హైదరాబాద్ కథే చెబుతాను. జంతువులో చూసినదాన్ని మనిషికి అంటగట్టేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో వైద్య ప్రపంచానికి తెలిసివచ్చింది ఈ ఊరి ప్రయోగాల వల్లే.

ఈథర్ నిలవని ఎండలు

మత్తు చరిత్ర 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మొదలైందని చెబుతారు. విలియం మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఆ రోజు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈథర్ పీల్పించి, నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయించాడు. ఆర్నెల్లు తిరక్కుండానే, 1847 మార్చిలో, ఈథర్ కలకత్తా చేరింది. హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైంది కూడా 1846లోనే.

ఈథర్‌కు మన దేశంలో ఒక చిక్కు ఉంది. అది దాదాపు 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. వైశాఖ మాసంలో మన ఊళ్ళలో నీడపట్టునే అంతకు మించిన వేడి. సీసా మూత తీస్తే సగం గాల్లోకే పోతుంది. పైగా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మెల్లగా ఎక్కుతుంది, గొంతులో మంట పుట్టిస్తుంది, రోగి దగ్గుతాడు. 1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం మత్తుకు పనికొస్తుందని కనిపెట్టి వాడాక ఈ బాధలన్నీ తీరినట్టే అనిపించింది. అది 61 డిగ్రీల దగ్గర గాని మరగదు, అంటుకోదు, వాసన తియ్యగా ఉంటుంది, కొన్ని చుక్కలు చాలు. సైన్యం వెంట చిన్న సీసాల్లో పట్టుకెళ్ళవచ్చు. ఇంగ్లాండులో విక్టోరియా రాణి 1853లో కాన్పు సమయంలో దాన్నే పీల్చింది. ఇచ్చినవాడు జాన్ స్నో. ఆ మరుసటి ఏడాది లండన్‌లో కలరా మూలాన్ని ఒక చేతిపంపు దాకా తవ్వి చూపించింది కూడా ఆయనే.

అయితే క్లోరోఫారం చావులు మొదటి నుంచీ ఉన్నాయి. 1848 జనవరి 28న ఇంగ్లాండులో న్యూకాజిల్ దగ్గరి పల్లెలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్లకు కాలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లో ఆ పిల్ల చనిపోయింది. ఏ జబ్బూ లేదు, ఆపరేషన్ పెద్దదీ కాదు. ఇలాంటివే మరికొన్ని జరిగాక వైద్యులు రెండు వర్గాలయ్యారు. మందు మరీ చిక్కగా పీలిస్తే గుండె నేరుగా ఆగిపోతుందని లండన్‌లో స్నో వాదం. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదని ఎడింబరోలో జేమ్స్ సైమ్ వాదం. ఈ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. లాహోరులో పనిచేసి, 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చి మెడికల్ స్కూలు పగ్గాలు పట్టాడు.

అఫ్జల్‌గంజ్ నుంచి లాన్సెట్ దాకా

లారీకి గురువు మాట వేదం. ఊపిరి సాగుతున్నంతసేపు గుండెకు ఢోకా లేదని ఆయన నమ్మకం. శిష్యులందరికీ అదే నేర్పాడు. నమ్మకాన్ని నిరూపించాలని 1888లో పాట్రిక్ హెహిర్ అధ్యక్షుడిగా ఒక కమిషన్ వేయించాడు. వాళ్ళు 141 కుక్కలకు క్లోరోఫారం ఎక్కించి చంపి చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె ఆగింది. ఈ ఫలితాన్ని లారీ 1889 ఆరంభంలో బయటపెడితే లాన్సెట్ నమ్మలేదు. నమ్మకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చు మేం పెట్టుకుంటాం అని హైదరాబాద్ బదులిచ్చింది. అప్పటి ప్రధానమంత్రి అస్మాన్ జా. ఒక దేశీ సంస్థానం తన ఖజానా తెరిచి, ప్రపంచ వైద్యంలో రగులుతున్న తగవును తన గడ్డ మీద తేలుద్దాం రమ్మనడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ గర్వమే.

రెండో కమిషన్ 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పనిచేసింది. లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అందులో సభ్యులు. ఆ ప్రయోగం ఎలా సాగేదో కొంచెం దగ్గర్నుంచి చూడాలి. మత్తులో ఉన్న కుక్క మెడ దగ్గర కోసి కెరోటిడ్ ధమనిలోకి సన్నని గొట్టం దూర్చేవారు. గొట్టం రెండో కొస పాదరసం నింపిన వంపు గాజు నాళానికి కలిసేది. రక్తం తోసినప్పుడల్లా పాదరసం లేచేది, దాని మీద తేలే పుల్ల లేచేది, పుల్ల చివరి మొన మసిపట్టిన కాగితం మీద గీత గీసేది. ఆ కాగితం చుట్టిన పీపా గడియారపు యంత్రంతో మెల్లగా తిరుగుతుండేది. నల్లటి కాగితం మీద తెల్లటి అలలు. అల ఎత్తు రక్తపోటు. అలలు ఆగితే గుండె ఆగినట్టు. ఇలా గీసిన కాగితాలన్నిటికీ ఫోటోలు తీయించారు.

చివరికి బ్రంటన్ లాన్సెట్‌కు తంతి కొట్టాడు. 490 జంతువులు వాడామని, కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు అందులో ఉన్నాయని, 120 జంతువులకు రక్తపోటు కొలిచామని, క్లోరోఫారం ప్రమాదమంతా ఊపిరాడకపోవడంలోనో మోతాదు మించడంలోనో ఉందని, గుండెకు నేరుగా ప్రమాదమే లేదని అందులోని సారాంశం. అనుమానంతో బయల్దేరిన మనిషి లారీ పక్షాన చేరిపోయాడు. ఆ మూగజీవాల లెక్క చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. వాటి ప్రాణాలకు బదులుగా మనకు దక్కాల్సింది నిజం. దక్కింది సగం నిజమే.

ఎందుకు సగం? కమిషన్ చూసిన చావులు మత్తు బాగా లోతుకు వెళ్ళాక వచ్చినవి. మోతాదు మించితే ముందు ఊపిరి ఆగుతుందన్నది నిజమే. కానీ హానా గ్రీనర్ పోయింది లోతు మత్తులో కాదు, మొదట్లోనే, భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు. ఆ చావును కుక్కల్లో ఎవరూ చూడలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు క్లోరోఫారం గుండెను నేరుగా బలహీనపరుస్తుందని చూపించారు. అసలు ముడి విప్పింది 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ. పిల్లులకు పల్చగా క్లోరోఫారం ఇస్తూ, ఒంట్లోకి కొద్దిగా అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కింది గదులు ఒక్కసారిగా అదురుకుని ఆగిపోతాయని ఆయన నిరూపించాడు. భయపడ్డ మనిషి ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. స్నో మాటలో పస ఉందని ఒప్పుకోవడానికి హైదరాబాద్ కమిషన్ తర్వాత ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళూ నాడి చూడనక్కర్లేదని నేర్చుకున్న వైద్యులు ఊళ్ళూళ్ళా క్లోరోఫారం ఇస్తూనే ఉన్నారు.

లెవీ పాఠం నా తరం దాకా పాతబడలేదు. మేం వాడిన హాలోథేన్‌కు కూడా ఇదే గుణం. 1951లో ఇంగ్లాండులో సక్లింగ్ తయారు చేసిన ఈ మందును 1956 నుంచి రోగులకు వాడారు. నేను పీజీ చేసేనాటికి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో అదే రాజు. సర్జన్ చర్మం కింద అడ్రినలిన్ కలిపిన మందు గుచ్చబోతుంటే, "ఎంత ఇస్తున్నారు సార్? కాస్త ఆగండి, హాలోథేన్ తగ్గిస్తాను," అనేదాన్ని. వేపరైజర్ చక్రం వెనక్కి తిప్పి, మానిటర్ మీద గీత చూసి, అప్పుడు తల ఊపేదాన్ని. ఆ కాస్త ఆగడం వెనుక ఎవరెవరి ప్రాణాలు ఉన్నాయో పిల్లలకు ఎప్పుడూ చెబుతూ వచ్చాను.

రూపాబాయి

హైదరాబాద్ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి రూపాబాయి ఫర్దూంజీ. పార్సీ కుటుంబం అమ్మాయి. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు. రెండో కమిషన్ జరిగిన 1889లోనే హకీం అనే వైద్య పట్టా పుచ్చుకుంది. ఆ తర్వాత హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చే పనిని వృత్తిగా చేపట్టింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చాలామంది చరిత్రకారులు అంటారు. మత్తు ఇవ్వడం ఒక ప్రత్యేక విద్య అని ఐరోపాలోనే సరిగా ఒప్పుకోని రోజులవి. ఎవరో జూనియర్ కుర్రాడి చేతికి సీసా ఇచ్చి "చుక్కలు వెయ్యి" అనేవారు. అలాంటి కాలంలో ఒక ఆడమనిషి రోజూ రోగి తల దగ్గర కూర్చుని, ఊపిరి చూస్తూ, చుక్క చుక్క లెక్కపెడుతూ బతుకు గడిపింది. 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుంది. తను వాడే మందుల తత్వం తెలుసుకోవాలంటే ఆ చదువు కావాలనుకుంది. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా రిటైరైంది.

1908 సెప్టెంబరులో మూసీ వరద, ఈ క్లోరోఫారం కథ నడిచిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఆ తర్వాత విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా ఆసుపత్రి లేచింది. పాత ఆసుపత్రి గోడలు పోయినా, అక్కడ పుట్టిన అలవాటు ఒకటి మిగిలింది. మత్తు ఇచ్చే మనిషి రోగిని వదిలి కదలకూడదు. నా గురువులు నాకు నేర్పింది అదే, నేను నా పిల్లలకు నేర్పిందీ అదే.

ప్రశ్న మెదడు దగ్గరికి వచ్చింది

గుండె తగవు తేలాక చాలాకాలం మెదడు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యులు ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ ఒక ఆపరేషన్ వివరాలు ప్రచురించారు. పక్షవాతం చిన్న చిన్న హెచ్చరికలు పంపుతున్న ఒకామె మెడలో కెరోటిడ్ ధమని పూడుకుపోతే, ఆ ముక్క కోసి తీసి మళ్ళీ అతికారు. హైదరాబాద్ కుక్కల మెడలో గొట్టం దూర్చింది మామూలుగా ఈ ధమనిలోకే. ఇలాంటి ఆపరేషన్‌లో రక్తనాళాన్ని కాసేపు బిగించి కట్టాలి. ఆ కాసేపు మెదడులో ఒక వైపుకు రక్తం తగ్గుతుంది. మత్తులో ఉన్న మెదడు ఆ లోటును ఎక్కువసేపు తట్టుకుంటుందా? తట్టుకుంటుందని 1963లో హ్యూస్టన్ నుంచి వెల్స్, కీట్స్, కూలీ రాశారు. మత్తు మెదడును కాపాడుతుందన్న మాట గట్టిగా మొదలైంది ఇలాంటి ఆపరేషన్ల దగ్గరే.

మెదడు ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. కానీ ఒళ్ళు వాడే ఆక్సిజన్‌లో అయిదో వంతు అదే తినేస్తుంది. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20కి పడితే కణాలు పనిచేయడం మానేస్తాయి, మెదడు తరంగాలు చదునవుతాయి. 10కి పడితే చావడం మొదలవుతుంది. ఈ రెండంకెల మధ్య ఉన్న భాగాన్ని కాలువ చివరి పొలంలాంటిదని పిల్లలకు చెప్పేదాన్ని. నీరు అందక పైరు వాడింది, ఇంకా ఎండలేదు, తడి పెడితే లేస్తుంది. 1981లో ఆస్ట్రప్, సీస్యో, సైమన్ వివరించింది ఆ వాడిన భాగాన్నే. పక్షవాత వైద్యమంతా దాన్ని బతికించుకోవడానికే.

మత్తు గ్యాసులు ఇక్కడ ఎలా పనికొస్తాయి? ఐసోఫ్లురేన్ తగినంత ఎక్కువ ఇస్తే మెదడు పని దాదాపు ఆగి, దాని ఆక్సిజన్ వాడకం సగానికి పడుతుంది. రక్తం అందని చోట గ్లుటమేట్ అనే రసాయనం కట్టలు తెంచుకుని కణాలను చంపుతుంది. ఈ గ్యాసులు ఆ పోటును కొంత అణుస్తాయి. అదీకాక, ముందుగా కొద్దిసేపు మత్తు పీల్చిన జంతువుల మెదడు తర్వాత వచ్చిన దెబ్బను తట్టుకుందని 2000 తర్వాత కొన్ని ప్రయోగశాలలు చూపించాయి. ఈ ఆలోచనకు మూలం 1986 నాటి గుండె ప్రయోగం. ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ కుక్కల గుండెకు రక్తం నాలుగుసార్లు అయిదేసి నిమిషాలు ఆపి వదిలితే, తర్వాత వచ్చిన పెద్ద దెబ్బకు గుండె తక్కువ దెబ్బతిన్నది. చిన్న కష్టం పెద్ద కష్టానికి సిద్ధం చేస్తుందన్నమాట.

అమెరికాలో మాయో క్లినిక్ వాళ్ళు మనుషుల్లోనే చూశారు. 1972 నుంచి 1985 దాకా జరిగిన రెండువేలకు పైగా కెరోటిడ్ ఆపరేషన్ల రికార్డులను మైకెన్‌ఫెల్డర్ బృందం 1987లో విప్పింది. ధమని బిగించినప్పుడు మెదడు తరంగాలు మారినవాళ్ళు హాలోథేన్ కింద నూటికి 25 మంది, ఎన్‌ఫ్లురేన్ కింద 26 మంది, ఐసోఫ్లురేన్ కింద 18 మందే. ఐసోఫ్లురేన్ కింద మెదడు తక్కువ రక్తంతో కూడా గడుపుకొస్తోందన్నమాట. మేమంతా ఆ కాగితాన్ని ఆత్రంగా చదివాం. అయితే ఆ కాగితంలోనే ఇంకో వాక్యం ఉంది. ఆపరేషన్ తర్వాత పక్షవాతం వచ్చినవాళ్ళ లెక్కలో మూడు మందులకూ తేడా లేదు. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

ఎలుక చెప్పింది, మనిషి చెప్పింది

ఎలుక మెదడులో పక్షవాతం తెప్పించే సులువైన పద్ధతిని లోంగా బృందం 1989లో ప్రచారంలోకి తెచ్చింది. మెడలోని ధమనిలోంచి సన్నని నైలాన్ దారం పైకి తోసి మెదడు మధ్య ధమనికి అడ్డం పెడతారు. సరిగ్గా హైదరాబాద్ కమిషన్‌కు నూరేళ్ళ తర్వాత. ఆ పని చేయాలంటే ఎలుకకు మత్తు ఇవ్వాలి. చాలా చోట్ల ఇచ్చేది ఐసోఫ్లురేనే. ఇక వేరే ఏ మందు పరీక్షిస్తున్నా దాని ఫలితంలో మత్తుమందు ఫలితం కూడా కలిసిపోయే ఉంటుంది. ఈ చిక్కు గురించి పరిశోధకులే హెచ్చరిస్తుంటారు.

2000లో కవాగుచి, డ్రమ్మండ్, పటేల్ తదితరులు ఎలుకల్లో ఒక పరీక్ష చేశారు. పక్షవాతం తెప్పించిన రెండు రోజులకు చూస్తే, ఐసోఫ్లురేన్ పీల్చిన ఎలుకల మెదడులో చచ్చిన భాగం చిన్నది. అందరూ అక్కడితో ఆగేవారు. వీళ్ళు ఆగలేదు. రెండు వారాలకు మళ్ళీ చూశారు. తేడా కనిపించలేదు. ఐసోఫ్లురేన్ చావును ఆపలేదు, వాయిదా వేసింది అంతే. ఇంకెంతకాలం చూడాలో తెలిసిన పరిశోధన అంటే నాకు గౌరవం. 1888 కమిషన్ ఒక రకం చావు చూసి ప్రశ్న తేలిపోయిందనుకుంది. వీళ్ళు తేలిందనుకున్నచోట ఇంకోసారి వెతికారు.

2006లో ఒ'కాలిన్స్ బృందం ఒక లెక్క తీసింది. పక్షవాతంలో మెదడును కాపాడతాయని అప్పటిదాకా పరీక్షించిన చికిత్సలు 1,026. జంతువుల్లో అదిరిపోయిన మందులు మనుషుల దగ్గరికొచ్చేసరికి చతికిలపడ్డాయి. ప్రయోగశాల ఎలుకకు వయసు తక్కువ, బీపీ లేదు, షుగరు లేదు, దెబ్బ ఎప్పుడు తగులుతుందో ముందే తెలుసు. మన వార్డులో పడుకున్న పెద్దాయనకు డెబ్బై ఏళ్ళు, బీపీ, షుగరు, చుట్టల అలవాటు, దెబ్బ తగిలింది తెల్లవారుజామున, ఎప్పుడో ఎవరికీ తెలియదు.

కెరోటిడ్ ఆపరేషన్లలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. పేరు గాలా. 24 దేశాలు, 95 ఆసుపత్రులు, 3,526 మంది రోగులు. సగం మందికి పూర్తి మత్తు, సగం మందికి మెడకు మాత్రమే మత్తు. ఆపరేషన్ తర్వాత నెలలోపు పక్షవాతమో గుండెపోటో చావో ఎదురైనవాళ్ళు పూర్తి మత్తులో నూటికి 4.8, మెడ మత్తులో 4.5. తేడా లేనట్టే. ఇది అచ్చయింది కూడా లాన్సెట్‌లోనే.

మెడ మత్తుతో నేను చేయించిన ఒక ఆపరేషన్ బాగా గుర్తుంది. రోగి రిటైరైన లెక్కల మాస్టారు. పక్షవాతం హెచ్చరికలు కుడివైపు వచ్చాయి కాబట్టి కుడిచేతిలో కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టాం. ఎడమ ధమని బిగించగానే ఆయన చెయ్యి పట్టుకుని, "మాస్టారూ, బొమ్మ నొక్కండి," అన్నాను. కీచుమంది. "ఏడో ఎక్కం చెప్పండి," అన్నాను. "ఏడో ఎక్కం చిన్నపిల్లలకమ్మా, పదమూడోది చెబుతా," అని మొదలుపెట్టారు. అయిదు నిమిషాలకు ఎక్కం నెమ్మదించింది, బొమ్మ మూగబోయింది. సర్జన్ వెంటనే షంట్ గొట్టం పెట్టి రక్తం పోనిచ్చారు. పది లెక్కపెట్టేలోపు కీచుమని వినిపించింది. ఏ గ్యాసు ఇచ్చినా, ఇవ్వకపోయినా, మెదడును కాపాడేది అక్కడ కనిపెట్టి ఉన్న మనిషే అని ఆ రోజు నాతోపాటు నిలబడ్డ పీజీ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు మెదడులోని గడ్డను తీగతో లాగి తీసేస్తున్నారు. 2015లో వచ్చిన పరీక్షలు ఆ చికిత్సను నిలబెట్టాయి. పూర్తి మత్తు ఇచ్చి తీస్తే ఫలితం చెడుతోందని మొదట్లో పాత రికార్డులు చూసి అన్నారు. మత్తులో రక్తపోటు పడిపోవడం అందుకు ఒక కారణం. వాడిన పొలానికి ఉన్న కాస్త నీరూ కట్టేసినట్టవుతుంది. తర్వాత జర్మనీ, స్వీడన్, డెన్మార్కుల్లో పద్ధతిగా మూడు పరీక్షలు చేశారు. సిస్టాలిక్ రక్తపోటు 140కి తగ్గకుండా కాచుకుంటే పూర్తి మత్తు వల్ల నష్టం లేదని తేలింది. మసికాగితం మీద బ్రంటన్ గీయించిన అలలు గుర్తుకొస్తాయి. ఆ అలలు పడిపోకుండా చూసుకోవడమే ఇవాళ కూడా మా పని.

జీనాన్ అనే గ్యాసు మీద కొంత ఆశ ఉంది. అది గ్లుటమేట్ దారిని అడ్డుకుంటుందని 1998లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో కనుగొన్నారు. ఫిన్లాండులో గుండె ఆగి మళ్ళీ బతికిన 110 మందిలో సగం మందికి చల్లబరచడంతోపాటు జీనాన్ కూడా ఒక రోజంతా పీల్పించారు. 2016లో ఫలితం వచ్చింది. జీనాన్ పీల్చినవాళ్ళ మెదడు తెల్లపదార్థం స్కానింగులో తక్కువ దెబ్బతిన్నది. బతికినవాళ్ళ లెక్కలో మాత్రం తేడా రుజువు కాలేదు. జీనాన్ ఖరీదు కూడా మామూలు ఆసుపత్రి భరించేది కాదు. ఆశ నిలుపుకుంటూ వేచి చూడాల్సిన సంగతి ఇది.

కాబట్టి ఫోన్ చేసే పిల్లలకు నా జవాబు ఇది. పీల్చే మత్తుమందులు మెదడును పక్షవాతం నుంచి కాపాడతాయన్న ఆలోచనకు గట్టి ఆధారాలు జంతువుల్లో ఉన్నాయి. మనిషిలో రుజువు కాలేదు. రుజువయ్యేదాకా పరిశోధించండి. తొందరపడి ప్రకటించకండి. హైదరాబాద్ ఒకసారి తొందరపడి ప్రపంచమంతటికీ తప్పు ధైర్యం ఇచ్చింది. ఆ పాఠం మన ఊరిది కాబట్టి దాన్ని మరచిపోని బాధ్యత కూడా మనదే. రూపాబాయి పేరు, కమిషన్ కథ మన వైద్య కళాశాలల్లో మొదటి ఏడాదే చెప్పాలని నా కోరిక.

పాఠకులకు చెప్పేది ఇంకొకటుంది. పక్షవాతంలో మెదడును కాపాడేది సమయమేనని మాత్రం రుజువైంది. పెద్ద ధమని మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో లెక్క కట్టారు. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెయ్యి కిందికి జారిపోయినా, మాట ముద్దయినా పసరు మందుల కోసం, తెల్లారేదాకా చూద్దామని ఆగకండి. ఎప్పుడు మొదలైందో టైము రాసుకుని, 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి.